కుడిచెయ్యి ఖాళీ లేదు

మా చర్చి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళకి కుడిచెయ్యి అందించడం నా ఉద్యోగం. జీతం లేదు కాబట్టి ఎవరూ పీకెయ్యలేరని పందొమ్మిదేళ్ళుగా ధీమాగా ఉన్నాను. వారం పొడుగునా స్కూలు బస్సు నడుపుతాను, ఆదివారం చెయ్యి నడుపుతాను. మిస్సోరీ కొండల్లో మా డ్రై ఫోర్క్ లాంటి ఊళ్ళో ఎదురైన మనిషికి చెయ్యి కలపకపోతే వాడి మీద కోర్టులో కేసు వేసినంత లెక్క. అలాంటి చేతిని మా చర్చి పెద్దలు రెండు వందల పాతిక డాలర్లకి లాక్కున్నారు. ఆ డబ్బు నాకివ్వలేదు. దానితో తుపాకీ కొన్నారు.

ఇదంతా ఆగస్టులో మొదలైంది. ఒక ఆదివారం ఎవడో తప్పతాగి, ప్రసంగం మధ్యలో లోపలికొచ్చి, తన ట్రక్కు ఎవరు తీసుకెళ్ళారో చెప్పమని గొంతు చించుకున్నాడు. ట్రక్కు ఎక్కడికీ పోలేదు. పెట్రోలు బంకు వెనకాల తనే పెట్టి మరిచిపోయాడు. నేను చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళి చూపించాను. నా భుజం మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చి వెళ్ళిపోయాడు. కథ అక్కడితో కంచికి చేరిందనుకున్నాను. మా డీకన్ గేలన్ స్ట్రోదర్‌కి మాత్రం అప్పుడే మొదలైంది.

డీకన్ అంటే మా చర్చి డబ్బుకి కాపలా కాసే పెద్దమనిషి. గేలన్ ఒకటో తరగతి నుంచి నా పక్క బల్ల. పేరు వింటే గ్యాలన్ గుర్తొస్తుంది గానీ చెంచాడు కూడా ఒలకనివ్వడు. నా పేరు లోవెల్ టాకెట్. పేరులోనే 'లో వెల' ఉంది కాబట్టి నన్ను ఎంత చవగ్గానైనా వాడుకోవచ్చని వాడి గట్టి నమ్మకం.

సెప్టెంబరులో కమిటీ వేశారు. గేలన్, నేను, పాస్టరు బ్రదర్ వెల్డన్. ఆయన పేరే వెల్డన్. ఎవరు ఏం చేసినా మెచ్చుకున్నట్టు తలూపుతాడు. ఆయన సొంత అభిప్రాయం ఏమిటో ఆయన భార్యకి కూడా తెలియదంటారు.

"చర్చికి రక్షణ కావాలి బ్రదర్," అన్నాడు గేలన్. "గుమ్మంలో ఉండేది లోవెల్ గాడే. కనక తుపాకీ వాడి నడుముకే."

"దేవుడి గుళ్ళో గుళ్ళా?" అన్నాను.

బ్రదర్ వెల్డన్ నవ్వాడు. గేలన్ నవ్వలేదు. వాడు నవ్వు కూడా పొదుపు చేస్తాడు.

"తమాషా కాదురా. ఒప్పుకుంటావా లేదా?"

నాకు తుపాకులంటే పడక కాదు. జింకల వేట మొదలయ్యే రోజు బస్సుకి సెలవు పెట్టేవాళ్ళలో నేను మొదటివాణ్ణి. కాకపోతే నాది పుర్రచెయ్యి. తినడం, రాయడం, విసరడం, కాల్చడం అన్నీ ఎడంచేత్తోనే. ఎడంచేతివాటం రైఫిలు కోసం రెండేళ్ళు బీరు మానేశాను, అదీ నా నిష్ఠ. కుడిచేతికి ఈ లోకంలో ఒకటే పని, జనానికి అందడం. అందుకని ఒక్క షరతు పెట్టాను.

"ఎడంవైపు పెట్టుకుని ఎడంచేత్తో వాడుకునేది కొనండి. కుడిచెయ్యి జోలికి రాకండి. అంతే."

"తప్పకుండా," అన్నాడు బ్రదర్ వెల్డన్, తలూపుతూ. ఆ తలూపుడికి నేను సంబరపడ్డాను చూడండి, అదీ నా తెలివి.

డబ్బు ఎక్కడిదంటే హీటరుది. మా చర్చి హీటరు కిందటి చలికాలమే దగ్గి దగ్గి పడుకుంది. దాన్ని లేపడానికి ఇమోజీన్ మామ్మ వేసవి నుంచీ ప్రతి శనివారం యాపిల్ పైలు చేసి అమ్ముతోంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి, కీళ్ళ వాతంతో వేళ్ళు అల్లం కొమ్ముల్లా వంకర తిరిగిపోయాయి. ఆ వేళ్ళతోనే పిండి కలిపింది. పైవాడి కోసం పై అంటే ఊరంతా కొన్నారు. ఆ పైసల్లోంచి గేలన్ రెండు వందల పాతిక లాగాడు. పైకి మాత్రం చెప్పలేదు.

రోండా దుకాణానికి ముగ్గురం వెళ్ళాం. అక్కడ ఒక పక్క గాలానికి వానపాములు, ఇంకో పక్క తుపాకులు. రోండా నా పాత స్నేహితుడి కూతురు. నాకు మాట్లాడే అవకాశం ఇవ్వకుండానే గేలన్ గాజుబల్ల మీద వాలిపోయాడు.

"అన్నిటికంటే చవకది ఏదమ్మా?"

"దేనికి మామయ్యా? పాముల కోసమా?"

"చర్చికి."

రోండా నావైపు చూసింది. "మీ చర్చిలో సగం మందికి నేనే అమ్మాను కదా బాబాయ్. ఆదివారం మీ వాళ్ళ కోట్లు విప్పితే నా దుకాణం కంటే ఎక్కువ సరుకు బయటపడుతుంది. ఇంకొకటి దేనికి?"

"అవి సొంతానివి. ఇది అధికారికం," అన్నాడు గేలన్.

నిజం చెబుతున్నాను, నా రక్తం అప్పుడు మొదటిసారి ఉడికింది. రక్షణ ఉచితంగా బెంచీల మీద కూర్చుని పాటలు పాడుతుంటే, అధికారికంగా ఇంకోటి కావాలట.

రోండా మూడు తీసి పరిచింది. మొదటిది నూట డెబ్బై తొమ్మిది డాలర్లు. ఇటుకకి పిడి తగిలించినట్టుంది. చేత్తో పట్టుకుంటే భుజం కిందికి జారింది.

"బరువే గానీ మొండిది, పేలుతుంది," అంది రోండా. "సేఫ్టీ మీట మాత్రం ఒక్క పక్కే ఉంది. కుడిచేతి బొటనవేలికి అందేట్టు."

"నాది ఎడంచెయ్యి కదమ్మా."

"అదే చెబుతున్నా బాబాయ్. నీకు ఇది కావాలి." రెండోది ముందుకి తోసింది. మీట రెండు పక్కలా ఉంది. చేతిలో పావురంలా ఒదిగింది. "రెండు వందల ఎనభై తొమ్మిది."

గేలన్ ఆ పావురాన్ని నా చేతిలోంచి తీసి మళ్ళీ గూట్లో పెట్టేశాడు.

"పోనీ ఈ పాత రివాల్వరు," అంది రోండా. "దీనికి కుడీ ఎడమా తేడా లేదు. మూడు వందల పది, మీకు గనక మూడు వందలు."

"దానికి సేఫ్టీ మీటేదీ?"

"రివాల్వర్లకి ఉండదు మామయ్యా. ట్రిగ్గరే గట్టిగా ఉంటుంది."

"పిల్లలు తిరిగే చోటు. మీట లేనిది చర్చిలోకి రాదు," అన్నాడు గేలన్. మూడు వందలనేది చర్చిలోకి రాదని వాడి అసలు ఉద్దేశం. పాపం, పిల్లల్ని అడ్డం పెట్టుకున్నాడు.

"ఒరేయ్ గేలన్, ఇంకో అరవై నాలుగు వేస్తే నా చేతికి సరిపోయేది వస్తుంది కదరా."

"ఇంకో అరవై నాలుగు ఎక్కడుందిరా? నీ కుడిచేతికి అయిదు వేళ్ళు లేవా ఏంటి? అలవాటు చేసుకో."

దుకాణం వెనక మట్టిగట్టుకి రోండా ఒక కాగితం పళ్ళెం గుచ్చింది. నేను ఇటుకని కుడిచేత్తో ఎత్తి మూడు గుళ్ళు కాల్చాను. ఒకటి గడ్డిలోకి, ఒకటి గట్టులోకి పోయాయి, మూడోది ఎక్కడికి పోయిందో ఆ పైవాడికే తెలియాలి. పళ్ళెం క్షేమం. దాంట్లో భోజనం పెట్టుకోవచ్చు.

"నాకు దేవుడి మీద ఉన్నంత గురి ఈ చేతికి లేదురా," అన్నాను.

"ప్రాక్టీసు చెయ్యి."

"గుళ్ళకి డబ్బిస్తావా?"

వాడు పర్సుని జేబులో ఇంకా లోపలికి తోసుకున్నాడు. "అయితే ప్రార్థన చెయ్యి," అన్నాడు.

ఇటుకనే కొన్నాం. ఒక గుళ్ళ పెట్టె, బెల్టుకి తగిలించే ప్లాస్టిక్ ఒర కూడా కొన్నాం. "ఈ బరువుకి మామూలు బెల్టు ఆగదు, మందంగా ఉండే తోలు బెల్టు తీసుకోండి," అని రోండా చెప్పింది. గేలన్ వినిపించుకోలేదు. పిస్తోలు కొన్నాం గానీ తోలు కొనలేదు. బ్రదర్ వెల్డన్ వానపాముల డబ్బాలు చూస్తూ తలూపుతున్నాడు. వానపాములు కూడా ఏదో మంచిపని చేసి ఉంటాయి.

తిరిగొచ్చేటప్పుడు ట్రక్కులో గేలన్ అసలు బాంబు పేల్చాడు.

"ఇంకో సంగతిరా. కాపలావాడి ఆయుధపు చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. నేను వీడియోలో చూశాను. కనక ఇకనుంచి గుమ్మంలో ఎడంచెయ్యి ఇవ్వు."

"ఏమన్నావ్?"

"ఎడంచెయ్యి. చెయ్యి చెయ్యే కదా."

ఎడంచేత్తో చెయ్యి కలిపి చూడండి. అవతలివాడి కుడిచెయ్యి గాల్లో దిక్కులు చూస్తుంటుంది. మన ఎడంచెయ్యి తలకిందులుగా వెళ్ళి, గొళ్ళెం లాగినట్టు వాడి వేళ్ళు లాగుతుంది. ఇద్దరి మొహాలూ మాడిపోతాయి. భర్త పోయినావిడకి, ఆసుపత్రి నుంచి వచ్చినవాడికి, కొత్తగా ఊళ్ళోకి దిగిన కుర్రజంటకి ఆ గొళ్ళెం పట్టు ఇమ్మంటున్నాడు వీడు. పందొమ్మిదేళ్ళు అందరికీ చెయ్యిచ్చాను, ఒక్కరూ మోసపోలేదు. ఇప్పుడు చర్చే నాకు చెయ్యిచ్చింది.

ఆ మాటే బ్రదర్ వెల్డన్‌తో అన్నాను. ఆయన నవ్వి, తలూపి, కిటికీలోంచి చెట్లు చూశాడు.

నవంబరు మొదటి ఆదివారం. చలి చెవులు కొరుకుతోంది. హీటరు లేదు. నేను గుమ్మంలో నిలబడ్డాను, కుడి తుంటి మీద ఇటుక, దాని మీద కోటు. నా ప్యాంటు నిలబడిందంటే అది నా పొట్ట చలవ. మొదట వచ్చిన ముగ్గురికీ ఎడంచెయ్యి ఇచ్చాను. ఒకాయన నా చెయ్యి విరిగిందనుకుని జాలిపడ్డాడు. ఒకావిడ తను ఏదైనా తప్పు చేసిందేమోనని భయపడింది. మూడోవాడు తన రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని లోపలికి పోయాడు. వాడు నాకు పందొమ్మిదేళ్ళుగా స్నేహితుడు.

అప్పుడు ఇమోజీన్ మామ్మ వచ్చింది. ఊతగా పట్టుకు నడిచే నాలుగు కాళ్ళ స్టాండు మెట్లెక్కించి, సరిగ్గా గుమ్మానికి అడ్డంగా నిలబెట్టి, వంకర వేళ్ళ కుడిచెయ్యి చాపింది. ఆ వేళ్ళని నొక్కకుండా పట్టుకోవడం ఒక విద్య. అది నాకొక్కడికే వచ్చని ఆవిడ ఎప్పుడూ అంటుంది. నేను ఎడంచెయ్యి చాపాను. ఆవిడ చచ్చిన చేపని చూసినట్టు చూసింది.

"ఏరా, నీ కుడిచేతికి ఏమొచ్చింది?"

"ఏమీ రాలేదు మామ్మా. ఖాళీ లేదు."

"ఏం పనిలో ఉంది?"

"ఖాళీగా ఉండే పనిలో ఉంది."

"కోటు తియ్యి."

తీశాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. "ఇదేంటి, పశువుల దొడ్డి తాళమా?"

"మీ హీటరు మామ్మా," అన్నాను. చెప్పకూడదనే అనుకున్నాను, కానీ ఎడంచెయ్యి ఇచ్చిన పాపమే అప్పటికి చాలనిపించింది. "మీ పైల డబ్బుతో కొన్నారు."

మామ్మ వంకర వేలితో ఇటుకని తట్టి చూసింది. ఆవిడ వెనక మెట్ల మీద జనం పెరుగుతున్నారు, కాళ్ళు తపతపలాడిస్తున్నారు.

"నా చేతి పై ఇంత గట్టిగా ఎప్పుడూ రాలేదే," అంది చివరికి.

గేలన్ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. "మామ్మా, లోపలికి రండి, చలి."

"లోపల వెచ్చగా ఉందా?"

"లేదు."

"అయితే ఎక్కడైతేనేం. నా మొగుడి శవాన్ని ఈ గుమ్మంలోంచి మోసుకెళ్ళిన రోజు కూడా వీడు నాకు కుడిచెయ్యే ఇచ్చాడు. ఇవాళ అది దొరికేదాకా నేను కదలను."

"రూలు మామ్మా. కాపలావాడి చెయ్యి..."

"నిన్ను అడగలేదు నాయనా."

లైను రోడ్డు దాకా పాకింది. లోపల పాటల వేళ దాటిపోయింది. జనం రాకపోయేసరికి బ్రదర్ వెల్డన్ బయటికొచ్చాడు. ఎప్పుడూ వెనక తలుపులోంచి వచ్చే మనిషి, ముందు గుమ్మం చలి ఎలా ఉంటుందో ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది.

"బ్రదర్," అన్నాను, "ఈ గుమ్మంలో చెయ్యి కావాలా తుపాకీ కావాలా, ఒకటి చెప్పండి. తుపాకీ కావాలంటే ఎడంచేతిది కొనండి, రెండూ చేస్తాను. అది కొనరు కనక ఒకటే చేస్తాను. తలూపితే సరిపోదు. నోటితో చెప్పండి."

ఆయన నోరు తెరిచాడు, మూశాడు. గేలన్‌ని చూశాడు, మామ్మని చూశాడు. తల కొంచెం కదలబోయి ఆగింది. ఆ తరవాత కుడిచెయ్యి చాపాడు. ఇన్నేళ్ళలో ఆయన నాకు చెయ్యివ్వడం అదే మొదలు. నోటితో మాత్రం ఏమీ అనలేదు. సరే, వెల్డనే.

ఆ చెయ్యి పట్టుకుని ఊపి వదిలి, ఇటుకలోంచి గుళ్ళన్నీ తీసేసి, రెండుసార్లు చూసుకుని, ఒరతో సహా గేలన్‌కి అందించాను.

"అధికారికం కదరా. అధికారి నువ్వే."

అంతమంది ముందు వాడు వద్దనలేకపోయాడు. బెల్టుకి తగిలించుకుని లోపలికి నడిచాడు. నేను మామ్మ వేళ్ళని అందుకున్నాను. మంచుగడ్డల్లా ఉన్నాయి. కాసేపు అలాగే పట్టుకున్నాను.

"వచ్చే శనివారం నుంచి పొయ్యి వెలిగించను," అంది లోపలికి వెళ్తూ, గేలన్‌కి వినపడేలా. "ఆ తాళం అమ్మి హీటరు బాగుచేయించినాకే పైలు."

పాటకి లేచినప్పుడు నేను వెనక నుంచి చూశాను. గేలన్ సన్నటి మనిషి, పొట్టనేది పుట్టుకతోనే దాచుకున్నవాడు. ఆ బరువుకి వాడి ప్యాంటు కుడివైపు నుంచి మెల్లగా దిగడం మొదలెట్టింది. రెండో చరణానికి కుడిచేత్తో పట్టుకున్నాడు. ఆ తరవాత ప్రార్థనంతా ఆ చెయ్యి అక్కడే ఉంది.

అంతా అయ్యాక జనం బయటికొస్తూ వరసగా నాతో చెయ్యి కలిపారు. జేబుల్లో చేతులు పెట్టుకుపోయినవాడు కూడా తీసి ఇచ్చాడు. చివర్న గేలన్ వచ్చాడు, నడుం దగ్గర కుడి పిడికిలి బిగించి, పళ్ళు బిగించి. నేను కుడిచెయ్యి చాపాను. వాడు అటూ ఇటూ చూసి ఎడంచెయ్యి చాపాడు.

నేను తీసుకోలేదు.

"ఏంట్రా?" అన్నాడు.

"చూస్తున్నావుగా. కుడిచెయ్యి."

"ఖాళీ లేదురా."

"పరవాలేదు," అన్నాను, గుమ్మానికి అడ్డంగా కాళ్ళు చాపి నిలబడుతూ. "ఖాళీ అయ్యేదాకా ఉంటాను."