ప్రాక్సీ

"నీదియ్యవే," అంటూ సహస్ర చిన్న ప్లాస్టిక్ డబ్బా చాచింది. మూతకే బుల్లి చెంచా అతికించి ఉంది.

సాయిసుధ చదువుతున్న నోట్సు పక్కన పెట్టింది. "ఛీ! ఏంటే, పొద్దున్నే?"

"ఛీ ఏముంది? క్లాసుల నాకు ప్రాక్సీ చెప్పలేదా? ఇది గూడ గంతే అనుకో. నీ పేగులు మంచిగున్నయి కద."

ముఖర్జీ నగర్‌లోని ఆ గదిలో ఇద్దరూ చేరి చాలాకాలమైంది. సహస్రకు పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు ఉందని ఆమె చెప్పకముందే సాయిసుధ గ్రహించింది. లైబ్రరీలో ఫ్యాను కింద ఖాళీ ఉన్నా బాత్రూము పక్క సీటే వెతుక్కునే మనిషి ఇంకెవరుంటారు? మందులు వాడితే జబ్బు అణిగి ఉంటుంది. పోయిందనుకున్నాక మళ్ళీ లేస్తుంది. నొప్పి తెలియకముందే మలపరీక్షలో బయటపడుతుందని డాక్టరు కొన్ని నెలలకోసారి ఆ పరీక్ష రాస్తుంది. పేగు ఎంత వాచి ఉంటే అంకె అంత పెరుగుతుంది.

ఈసారి అంకె కోసం ఎదురుచూడనక్కర్లేదు. మళ్ళీ రక్తం పడుతోంది. ఆ సంగతి సాయిసుధకు తప్ప ఎవరికీ తెలియదు. రిపోర్టులు మాత్రం సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉండే సహస్ర బాబాయి కేశవరావు ఫోనుకే వెళతాయి. అంకె పెరిగిన మర్నాడే ఊరికి రైలెక్కిస్తానని ఆయన ముందే చెప్పేశాడు. సివిల్స్ మెయిన్స్ దగ్గరపడింది. సహస్రకు అదే ఆఖరి అవకాశం.

"పేపర్లు అయిపోయినంక నేనే పోయి అంత చెప్పుకుంట. ఒక్కసారి, సుధా."

సాయిసుధ డబ్బా అందుకుంది.

రిపోర్టు నిక్షేపంగా వచ్చింది. కేశవరావు పొంగిపోయి, ఆసుపత్రికి వస్తూ కలాకంద్ డబ్బా పట్టుకొచ్చాడు. తోడుగా వెళ్ళిన సాయిసుధకు కూడా ఒక ముక్క పెట్టాడు. ఆమె దాన్ని చేతిలోనే ఉంచుకుంది.

డాక్టర్ వైశాలి కంప్యూటర్లో అంకె చూసి, "అరే వా, బహుత్ అచ్ఛా!" అంది. తర్వాత హిందీలోనే అడిగింది. "రక్తం పడుతోందా?"

"లేదు మేడమ్."

"నొప్పి?"

"ఏం లేదు."

"అయితే ఇంజెక్షన్ ఆలోచన మానేద్దాం. మాత్రలు కూడా తగ్గిద్దాం."

"చూసినవా బిడ్డా, నేను చెప్పలే?" కేశవరావు సహస్ర భుజం తట్టాడు.

మోసపోయేది బాబాయి ఒక్కడే అనుకుంది సాయిసుధ ఇన్నాళ్ళూ. ప్రాక్సీ చెబితే హాజరు పడుతుంది, అంతటితో సరి. ఇక్కడ తన పేగును చూసి డాక్టరు సహస్రకు మందు తగ్గిస్తోంది.

సహస్ర నవ్వుతూనే ఉంది. చున్నీ కింద ఆమె చెయ్యి పొట్టను అదిమి పట్టుకుంది. గోళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. సాయిసుధ వంక చూసి, వద్దన్నట్టు తల కొద్దిగా కదిపింది.

డాక్టరు కొత్త చీటీ ప్రింటు తీయబోయింది.

"మేడమ్, ఆ శాంపిల్ తనది కాదు," అంది సాయిసుధ. "నాది. తనకి రక్తం పడుతోంది."

డాక్టరు సహస్రనే చూస్తూ సొరుగు తెరిచి, చెంచా ఉన్న మరో డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "ఇవాళే. ఇక్కడే. రక్తపరీక్ష కూడా చేయించు. మాత్ర ఒక్కటి కూడా తగ్గించేది లేదు."

"మెయిన్స్ ఉంది మేడమ్..." అంది సహస్ర.

"ముందు ఇది చూద్దాం. ఆ తర్వాతే అది."

కేశవరావు మిఠాయి డబ్బా మూత పెట్టబోయాడు. అది సరిగా పడలేదు. "నాకొక్క మాట చెప్పకపోతివి బిడ్డా," అన్నాడు, ఎవరి వంకా చూడకుండా.

సహస్ర లేచి బల్ల మీది డబ్బా తీసుకుంది. సాయిసుధ కూడా లేచింది, ఆమె బ్యాగు పట్టుకుందామని.

"ఎందుకు? ఇది గూడ నువ్వే ఇస్తవా?" అంది సహస్ర.

తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. నడక నిదానంగానే మొదలుపెట్టింది గాని, వరండా మలుపు దగ్గర ఇక ఆగలేక బాత్రూము వైపు పరుగెత్తింది.