పేరమ్మ వేసిన ముడి

తెల్లారేసరికి పేరమ్మ వసారా ముందు నలుగురైదుగురు ఆడవాళ్ళు నిలబడి ఉండడం ఆ పాళెంలో రోజూ ఉండేదే. ఒకరి చేతిలో బట్టల మూట, ఒకరి నెత్తిన ఎండుచేపల గంప, ఇంకొకరి వెనక మెడకు తాడున్న మేక. పేరమ్మ ముడి వేస్తే మళ్ళీ పేరమ్మే విప్పాలి. వేరేవాళ్ళ వేళ్ళకు అది లొంగదు. కత్తి పెట్టి కోయబోతే తాడు పోయి కత్తికే చుట్టుకుంటుంది, అప్పుడు కత్తిని కూడా ఆమె దగ్గరికే తీసుకురావాలి. అందుకే దొంగల భయం ఉన్నవాళ్ళు పెట్టెలు, తిండిపోతు మొగుడు ఉన్నవాళ్ళు బెల్లం మూటలు ఆమెతోనే కట్టించుకునేవాళ్ళు. ఊరికి పోతే సామాను ఆమె కట్టాలి, తిరిగొచ్చాక ఆమే విప్పాలి. తోటపల్లి గూడూరుకు తూర్పున సముద్రం ఒడ్డున ఉన్న ఆ పాళెంలో ఎవరూ దీన్ని వింతగా చెప్పుకోలేదు.

వాళ్ళందరినీ పంపించాక పేరమ్మ దారం చుట్టిన వెదురు కండె అందుకుని వల అల్లుతూ కూర్చునేది. ఆమె అల్లిన వలలో ఒక్క కన్ను కూడా తెగేది కాదు. తెగదు కాబట్టి అడిగేవాళ్ళు ఎక్కువే గానీ, డబ్బులిచ్చేవాళ్ళు తక్కువ. మొగుడు గంగులయ్య సముద్రంలో పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పటినుంచి మరిది గంగాధరం ఇంటి వసారాలోనే ఆమె కాపురం. దానికి ముందువైపు గోడ లేదు, తలుపు లేదు. ఆమె తిన్నది, పడుకున్నది, ఏడ్చింది కూడా వీధిలో పోయేవాళ్ళంతా చూసేవాళ్ళు. చీర మార్చుకోవాలంటే చీకటుండగానే లేవాలి. ఇది ఆ ఇంట్లో ఎవరికీ ఒక కష్టంగా తోచలేదు.

అరవై నాలుగులో నెల్లూరు నుంచి జీపు వచ్చింది. అందులోంచి పర్మిట్ల గుమాస్తా కామాక్షయ్య దిగి, పడవల నీడలో బల్ల వేయించుకుని చెప్పాడు. సముద్రానికి అవతల ఒక దీవి దేశం ఉంది. అక్కడి వలల కంపెనీకి పని తెలిసినవాళ్ళు కావాలి. మామూలుగా ఏడాది పట్టే పర్మిట్టును ఆ దేశం సర్కారు కొత్త పథకం కింద ఇరవై ఒక్క రోజుల్లో ఇస్తుంది. మూడేళ్ళ పని, రెండు పూటలా భోజనం.

"ఉండేదానికి తలా ఒక గది," అన్నాడు చివర్లో.

"గదికి తలుపు ఉంటాదా సామీ?" అని అడిగింది పేరమ్మ.

అందరూ నవ్వారు. కామాక్షయ్య కాగితం చూసి, "తలుపు, గడియ, తాళంచెవి. అన్నీ రాసి ఉండాయి," అన్నాడు.

ఆ మాటతో ఆమె మనసు ఆ గది మీద పడింది. తను అల్లిన వలల్లో మంచిది తీసి, ఉతికి, ఆరబెట్టి మర్నాడు అతని బల్ల మీద పెట్టింది. కామాక్షయ్య దాన్ని లాగి చూశాడు, మెలిపెట్టి చూశాడు. పని తెలిసిన చెయ్యి అని ఒప్పుకున్నాడు. సంతకం రాదు కాబట్టి వేలిముద్ర వేయమన్నాడు. పేరమ్మ బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద నొక్కింది. నల్లటి మచ్చ పడింది గానీ, అందులో ఒక్క గీత లేదు. ఇంకో వేలు వేయించాడు. చేతులు కడిగించి మళ్ళీ వేయించాడు. పదివేళ్ళకూ పది మచ్చలు.

"గీతలు ఏమైనాయమ్మా?"

"దారం తినేసింది సామీ. ముప్పై ఏళ్ళ నుంచి ఇదే పని గదా."

కామాక్షయ్య చెడ్డవాడు కాదు. కాస్త బాధపడ్డాడు కూడా. "పని తెలిసినట్టు వల చెబుతా ఉంది. మనిషి ఉన్నట్టు మాత్రం కాయితం ఒప్పుకోదు. ముద్ర లేకపోతే పర్మిట్టు లేదు," అని ఆమె కాగితం పక్కన పెట్టేశాడు.

అప్పుడు గంగాధరం ముందుకొచ్చి, "ఆ వల నేను అల్లిందే సార్. మా వదిన చూపించేదానికి తెచ్చింది," అన్నాడు. అతను పుట్టి బుద్ధెరిగి కండె పట్టినవాడు కాడు. అందుకే అతని బొటనవేలి గీతలు స్పష్టంగా, ఒకదాని పక్కన ఒకటి, ఎంత చక్కగా పడ్డాయో. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరూ నోరు తెరవలేదు. పేరమ్మ అతని మొహం చూసింది. అతను ఆమె చెవి దగ్గర, "నేను పోయి కుదురుకోని నిన్ను పిలిపిస్తా వదినా. ఊరుకో," అన్నాడు. ఆమె ఊరుకుంది. వసారా అతనిది.

పర్మిట్టు పద్దెనిమిదో రోజునే వచ్చింది. ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం మూడింటికి మద్రాసులో ఓడ. ఆ ఓడ ఎక్కకపోతే పర్మిట్టు చెల్లదు, పథకం కూడా ఆ రోజుతో సరి. గంగాధరం పర్మిట్టును ఎర్రగుడ్డలో చుట్టి, ట్రంకు పెట్టెలో అడుగున దాచాడు. ప్రయాణం రోజు పొద్దున, ఆ పాళెంలో ఊరికి పోయేవాళ్ళంతా ఎప్పుడూ చేసినట్టే, పెట్టె ఎత్తుకొచ్చి పేరమ్మ ముందు పెట్టాడు.

"గట్టిగా కట్టు వదినా. మద్రాసులో దొంగలు ఎక్కువంట."

ఆమె గట్టిగానే కట్టింది. ఆ పెట్టె విప్పాల్సింది ఎక్కడో అతనికి తట్టలేదు. ఆమెకూ తట్టలేదు. చేతులకు అలవాటైన పని, కడుపులో మంట ఉన్నా చక్కగానే జరిగిపోయింది.

మర్నాడు పొద్దు పొడుస్తుండగా జీపు వచ్చింది. ఈసారి పేరమ్మ కోసమే. హార్బరులో పెట్టె తెరుచుకోవడం లేదని, అప్పటికే రెండు కత్తులూ ఒక రంపమూ ఆ తాడుకు చిక్కుకున్నాయని, కట్టిన మనిషిని పిలిపించమని మద్రాసు నుంచి ఫోను వచ్చిందట. గంగాధరం పెళ్ళాం పోలేరమ్మ ఆమె కాళ్ళు పట్టుకుంది. పేరమ్మ జీపు ఎక్కింది. తన పర్మిట్టు కోసం కదలని సర్కారు తన ముడి కోసం ఎంత తొందరగా కదిలిందో అని దారి పొడుగునా అనుకుంటూ పోయింది.

హార్బరు షెడ్డు చేరేసరికి రెండున్నర అయింది. పెట్టె పక్కన గంగాధరం, కామాక్షయ్య, కుర్చీలో కంపెనీ దొర ఉన్నారు. దొర చేతిలో నమూనాగా పంపిన పేరమ్మ వల ఉంది. వల ముడినీ పెట్టె ముడినీ పక్కపక్కన పెట్టి చూసి, పేరమ్మ వేళ్ళకేసి చూసి, ఇంగ్లీషులో ఏదో అన్నాడు. కామాక్షయ్య తెలుగులో చెప్పాడు.

"వల అల్లింది నువ్వేనని దొరకు తెలిసిపోయిందమ్మా."

పేరమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "అట్టయితే నన్ను ఎక్కించుకుంటారా సామీ?"

దొర నవ్వి వాచీ చూసుకున్నాడు. కామాక్షయ్య తల దించుకునే చెప్పాడు. "అక్కడ మిషను మీద నేర్పించుకుంటారంట. పని రాకపోయినా ఫరవాలేదు, ముద్ర ఉన్న మనిషి కావాలంట. ముడి విప్పమంటా ఉండాడు."

"వదినా, విప్పు. టైమైపోతా ఉంది," అన్నాడు గంగాధరం.

పేరమ్మ పెట్టె దగ్గర చతికిలబడింది. ముడి మీద చెయ్యి పెట్టింది. ఇన్నేళ్ళుగా ఎవరు ఏది తెచ్చినా వెంటనే విప్పిన చెయ్యి అది. విప్పడమే తప్ప, విప్పకుండా ఉండడం కూడా తన చేతిలోదేనని ఆమెకు ఆ రోజు వరకు తోచలేదు. చెయ్యి అలాగే పెట్టుకుని కూర్చుంది. గంగాధరం బతిమాలాడు, తిట్టాడు, అన్న పేరు ఎత్తి ఏడ్చాడు. దొర కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఓడ కూత వేసింది. అది అయిపోయేదాకా ఆగి, పేరమ్మ రెండు వేళ్ళతో ముడి విప్పేసింది.

"పెట్టె తీసుకో అబ్బయ్యా," అంది. తర్వాత కామాక్షయ్య వైపు తిరిగి, "ఆ వల నాది. ఇచ్చెయ్యండి సామీ," అంది.

ఇద్దరూ ఒకే రైల్లో, ఒకే పెట్టెలో, ఎదురెదురుగా కూర్చుని ఇంటికొచ్చారు. గూడూరు జంక్షను దాటాక గంగాధరం ఒక్క మాట అన్నాడు.

"నా నోట్లో మన్ను కొట్టినావు. రేపటికల్లా నా వసారా ఖాళీ చెయ్యి."

"నా వల నీదని నువ్వు చెప్పిన రోజు నా నోట్లో పడింది కూడా మన్నే," అంది పేరమ్మ.

మర్నాడు గంగాధరం ఆమె సామాను వీధిలో పారేద్దామని వచ్చేసరికి వసారాకు ముందువైపు మద్రాసు నుంచి తెచ్చుకున్న వల కట్టి ఉంది. ఈ గుంజ నుంచి ఆ గుంజ దాకా, చూరు నుంచి నేల దాకా, జానెడుకో ముడి. అతను లాగాడు. కత్తి తెచ్చాడు. కత్తి వలకు చిక్కుకుపోయింది. లోపల పేరమ్మ కండెకు దారం చుట్టుకుంటోంది.

"వదినా, కత్తి ఇయ్యి. చేపలు కొయ్యాల," అన్నాడు చివరికి.

"నాకు తీరిక అయినప్పుడు ఇస్తాలే," అంది.

అలా పేరమ్మకు తలుపు దొరికింది. ఆమె బతికి ఉన్నంతకాలం ఆమె తీస్తే తప్ప ఎవరూ లోపల కాలు పెట్టలేదు. వల కన్నుల్లోంచి ఉప్పుగాలి వచ్చేది, వాన జల్లు వచ్చేది, వీధిలో పోయేవాళ్ళ చూపులు ఎప్పటిలాగే వచ్చేవి. చీర మార్చుకోవడానికి మాత్రం ఆమె చివరిదాకా చీకటుండగానే లేచేది.