డిపో గోడ పక్క గొయ్యి

చేతిపంపును పీకడానికి మునిసిపాలిటీ మనుషులు పొద్దున్నే వచ్చారు. నీళ్లు డీజిల్ కంపు కొడుతున్నాయని, పిల్లల ఒంటి మీద దద్దుర్లు లేస్తున్నాయని, తాగినవాళ్లు కక్కుకుంటున్నారని మా సందు జనం నెలల తరబడి మొత్తుకున్నాక సర్కారు కనిపెట్టిన మందు అది. పంపే లేకపోతే ఇక కంపెక్కడిది?

పంపు ఎదురింటి ఆవిడను అందరం పంపక్క అంటాం. బట్టలుతికి, ఇస్త్రీ చేసి బతికే మనిషి. ఆమె పంపును రెండు చేతులా వాటేసుకుంది.

"ఇది పీకితే తాగడానికేం పోస్తారు? మీ ఇళ్ల నుంచి మోసుకొస్తారా?"

వాళ్ల వెంట వచ్చిన పోలీసులు ఆమెను జుట్టు పట్టుకుని ఈడ్చేశారు. పంపు పెకలించి, బొక్కలో సిమెంటు పోసి వెళ్లిపోయారు.

మా సందులో సగంమందిమి గోడకవతల ఉన్న బస్సు డిపోలోనే పని చేస్తాం. అక్కడ నేల కింద డీజిల్ ట్యాంకులున్నాయి. మాలో ముసలివాళ్లు పనిలో చేరేనాటికే అవి పాతవి. చిల్లులు పడ్డాయేమో చూడమంటే మేనేజరు నవ్వాడు. "మీ ఆడవాళ్లు కిరసనాయిలు ఒలకబోసుకుని నా మీద పడతారేం?"

ఆ సాయంత్రం యూనియన్ షెడ్డులో మీటింగు. పంపక్క నుదుటికి కట్టుతో వచ్చి ముందు వరసలో కూచుంది.

"ట్యాంకుల జోలికొస్తే డిపో మూసేస్తామంటున్నారు. మన కడుపుల మాటేంటి?" అన్నాడు కార్యదర్శి.

"ఆ కడుపుల్లోకి ఇప్పుడేం పోతోందన్నా?" అంది పంపక్క.

ఆమె మొగుడు బస్సులకు డీజిల్ పట్టేవాడు. తల దించుకునే అన్నాడు: "ఊరుకోవే. ఉన్న పని కాస్తా ఊడుతుంది."

"నీ చొక్కా ఉతికేది నేనే. దాని కంపూ మన బిందె కంపూ ఒకటే. ఇంకెవడొచ్చి చెప్పాలి నాకు?"

గుమ్మంలో నిలబడ్డ బావులు తవ్వే మామ ముందుకొచ్చాడు. "గోడకివతల మన సందులోనే గొయ్యి తీద్దామర్రా. లోపల్నుంచి కారుతుంటే మట్టిలో కనబడక ఎక్కడికి పోతుంది?"

మర్నాడు తవ్వాం. నడుంలోతు దాకా మామూలు మట్టే. ఆ కింద నల్లబడింది. రెండు నిలువుల లోతయ్యాక మామ నడుముకు తాడు కట్టుకుని దిగాడు. అడుగున ఊరిన నీటి మీద రంగురంగుల తెట్టు తేలింది. ఒకడు బీడీ తీయబోతే అందరం మీద పడి లాక్కున్నాం.

"దొరికిందర్రా! సీసా దించండి, పరీక్షకి నింపి ఇస్తా!" మామ గొంతులో సంబరం.

సీసా దించాం. పైకి రాలేదు.

"మామా!"

పలకలేదు. పంపక్క మొగుడు దూకబోతే పట్టుకున్నాం. అందరం కలిసి తాడు లాగాం. పైకి వచ్చేసరికి మామకు ఊపిరి లేదు. లోపల పేరుకున్న డీజిల్ ఆవిరి ఆ మనిషిని మింగేసింది.

మేనేజరు పోలీసులతో వచ్చాడు. "తాగి పడ్డాడు. గొయ్యి పూడ్చేయండి."

మామ తల ఒళ్లో పెట్టుకున్న అత్త కళ్లెత్తి చూసింది. "అవును బాబూ, తాగాడు. నీ డిపో కింది నీళ్లే తాగాడు, ఇన్నేళ్లూ."

పూడ్చడానికి ఒక్క కూలీ కూడా పార పట్టలేదు. రేపు లారీ మట్టి తెప్పిస్తానని మేనేజరు వెళ్లిపోయాడు.

మర్నాడు శ్మశానం నుంచి ఇళ్లకు పోలేదు. ఇంట్లో మాత్రం ఏముంది, కాళ్లు కడుక్కోవడానికి చెంబెడు నీళ్లు లేవు. గొయ్యి చుట్టూ కూలబడ్డాం. కార్యదర్శి పారలు ఏరి పక్కన పెట్టబోయాడు. "చాలు. ఇంకొకడు పోతే నేను తట్టుకోలేను."

పంపక్క పార అందుకుంది. "ఒక్కణ్ణి దించి మనం పైనుంచి చూశాం. ఇక ఎవర్నీ దించొద్దన్నా. పైనుంచే వెడల్పు చేద్దాం. గాలాడేట్టు, అందరం నిలబడేట్టు."

కార్యదర్శి చొక్కా విప్పి పక్కన పడేశాడు.

మేం తవ్వుతుండగానే, మట్టి లారీ కంటే ముందు, డిపోలోకి డీజిల్ లారీ వచ్చింది. పంపక్క మొగుడు లోపలికి పోయి ట్యాంకు మూత మీద కూచున్నాడు.

"లే!" అన్నాడు మేనేజరు.

"దీంట్లో పోసేది మా బిందెల్లోకి పోతోంది సార్. పొయ్యనివ్వను."

మేనేజరు పిలిచిన పోలీసులు చేతులకు బేడీలు వేసి అతణ్ణి సందులోంచే నడిపించుకొచ్చారు. గొయ్యి అంచున ఆగి పెళ్లాం వంక చూశాడు. ఆమె పార ఆగింది.

"భయమేస్తోందా?" అందామె.

"వేస్తోంది. నువ్వు తవ్వు."

అతణ్ణి వ్యాన్‌లోకి తోశారు. తర్వాత పోలీసులు లాఠీలతో మా వైపు తిరిగారు. మేం గొయ్యి చుట్టూ చేతులు కలిపి నిలబడ్డాం. మొదటి దెబ్బ కార్యదర్శి భుజం మీద పడింది. అతను కదల్లేదు. మా వెనక ఆడవాళ్లు తవ్వుతూనే ఉన్నారు.

అప్పుడు డిపోలో పనిలో ఉన్న మావాళ్లు ఒక్కో బస్సు ఇంజనూ ఆపేశారు. ఆ నిశ్శబ్దంలో గోడకవతల, ట్యాంకుల పక్కన, పార దిగిన చప్పుడు వినిపించింది. దాని వెనకే మరో పార. ఆ వెనక ఇంకెన్నో.