ఒక తప్పు కావాలి

మందు మోతాదు లెక్కలో వందకి తొంభై వచ్చినా నా దృష్టిలో ఫెయిలే. మిగతా పదీ ఎవరి ఒంట్లోకి పోవాలి? అందుకే దక్షిణ కొరియా చంగ్‌జూలో మా నర్సింగ్ కాలేజీ పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టాను. పక్కవాడికి లెక్క వచ్చేదాకా నీ మార్కు నీది కాదన్నాను. తప్పు చేసినవాళ్ళ చేత మళ్ళీ మళ్ళీ రాయించాను. చివరి పరీక్ష క్లాసంతా ఒక్క తప్పు లేకుండా రాసింది. సంతోషం పట్టలేక ఆ సాయంత్రం నాకు నేనే నత్తగుల్లల నూడుల్స్ విందు చేసుకున్నాను.

తీరా మార్కులు ఎక్కిస్తే కంప్యూటర్ ఒప్పుకోదు. క్లాసులో మూడోవంతుకు మించి ‘ఎ’ ఇవ్వకూడదట!

“తక్ గారూ, అందరికీ వచ్చిందంటే మీ పేపరు తేలికన్నమాట,” అన్నారు మా విభాగం పెద్ద మేంగ్ ప్రొఫెసర్. “ఓ మెలిక ప్రశ్న పడేయండి. కొందరు రాలతారు.”

“రాలినవాళ్ళని ఏ వార్డుకి పంపమంటారు సార్?”

“అబ్బ, మీతో ఎప్పుడూ ఇదే గొడవ! హాజరు చూసి విడదీద్దాం లెండి.”

నేను చెయ్యనన్నాను. ఆయనే కూర్చున్నారు. బియ్యంలో రాళ్ళు ఏరడం తెలుసు. రాళ్ళు లేవని బియ్యాన్నే రాళ్ళనడం అక్కడే చూశాను.

ఆఖరి ‘ఎ’ దగ్గర ఓక్ హేరిమ్, ఆమె జంట ప్యో గనూ మిగిలారు. మగపిల్లలకి తప్పని మిలటరీ సర్వీసు చేసి వచ్చేసరికి గనూ భాగహారం కూడా మరిచిపోయాడు. ఆ పిల్లే మెట్ల మీద కూర్చోబెట్టి నేర్పింది. అలా నేర్పుతూ ఓ రోజు ఆలస్యమై, హాజరు పిలుస్తుండగా ఇద్దరూ కలిసే లోపలికొచ్చారు. పేర్ల వరుసలో ఓక్ అప్పటికే దాటిపోయింది, ప్యో ఇంకా రాలేదు. ఆలస్యం ఆమెకే పడింది. ఆ ఒక్కదానికి హేరిమ్‌కి ‘బి’. ‘బి’ ఉంటే సియోల్ పెద్దాసుపత్రులు దరఖాస్తు విప్పి కూడా చూడవు.

మర్నాడు గనూ నా దగ్గరికొచ్చాడు.

“మేడం, నా పేపర్లో ఇన్సులిన్ లెక్క తప్పు చేసేయండి.”

“మతి పోయిందా నీకు?”

“నాకు మా ఊరి ఆసుపత్రి చాలు మేడం. హేరిమ్ నేర్పకపోతే నేనెక్కడ? మీకు చెయ్యి రాకపోతే పేపరివ్వండి, ఆ చుక్క నేనే చెరిపేస్తా.”

చుక్క! ఆ దశాంశం చుక్క చెరిగితే మోతాదు పదింతలవుతుంది. దాని కోసమే వీడి ప్రాణం తోడేశాను. ఇప్పుడు వీడే తప్పు అడుక్కుంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి పట్టుకుని మేంగ్ గారి గదికి లాక్కెళ్ళి, ఆ మాటే మళ్ళీ చెప్పమన్నాను. చెప్పాడు.

ఆయన సిగ్గుపడతారనుకున్నాను. ఆయన మొహం విప్పారింది. “చూశారా! కుర్రాడే ఒప్పుకుంటుంటే మధ్యలో మీకేంటండీ? కానిచ్చేయండి.”

పేపరు, ఎర్ర పెన్ను ఆయన ముందు పెట్టాను. “అయితే ఆ తప్పు మోతాదు మీ చేత్తో రాయండి. కింద సంతకం కూడా పెట్టండి.”

ఆయన పెన్ను ముట్టుకోలేదు. మౌస్ పట్టుకుని గనూని ‘బి’కి దించారు, హేరిమ్‌ని ‘ఎ’కి ఎక్కించారు. ఈసారి కంప్యూటర్ కిక్కురుమనలేదు.

గనూ నడుం వంచి మా ఇద్దరికీ నమస్కరించాడు. “చాలా థాంక్స్ మేడం.”

“దేనికిరా థాంక్సు? లెక్క సరిగ్గా చేసినందుకు మార్కు పీకేశాం, దానికా?” అని అరిచాను.

వాడు బిత్తరపోయి, నాకు మళ్ళీ నమస్కరించాడు.