నల్ల ఇసుక దిండు

మీటరు ఇంటికి తెచ్చింది గొప్ప కోసమే. ద్వారకా నగర్‌లో మా ఆఫీసు రేడియేషన్ మీటర్లు రిపేరు చేస్తుంది. పోర్టుకొచ్చే తుక్కు కంటైనర్లను వాటితోనే పరీక్షిస్తారు. ఆదివారం ఒకటి బ్యాగులో వేసుకుని, భీమిలి దాటాక ఉన్న మా ఊరొచ్చాను. ఒకప్పుడు అణుశాఖ వాళ్లు గుడారాలు వేసుకుని నల్ల ఇసుక తవ్వి పట్టుకెళ్లిన ఊరు మాది. దాంతో దేశమంతా కరెంటు వస్తుందన్నారట. మా ఊళ్లో మాత్రం ఇప్పటికీ గాలేస్తే కరెంటు పోతుంది.

"ఏటే ఆ పెట్టి? పాటలొత్తాయా?" అంది మామ్మ గంగాలమ్మ.

"కనపడని కిరణాలుంటే టిక్కుటిక్కుమంటాది మామ్మా."

వంటింట్లో ఎప్పుడో ఒకసారి టిక్కుమంది. "దీనికా ఇంజినీరింగు సదివావు?" అని అక్క జ్యోతిర్మయి నవ్వింది.

అక్క కూతురు పసిది, ఉయ్యాలలో నిద్రపోతోంది. అక్కడికి వెళ్లేసరికి టిక్కులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. మీటరు పాడైందనుకుని వంటింట్లోకి వెళ్లాను. నెమ్మదించింది. తిరిగొచ్చాను. మళ్లీ అదే గోల. అక్క నవ్వు ఆగిపోయింది.

పాప తల కింద దిండు. దాని దగ్గరికి తెస్తే టిక్కులు ఇంకా ఎక్కువయ్యాయి. తల గుండ్రంగా రావాలని అందరూ ఆవాలు పోసి కుడతారు. మా వీధిలో నల్ల ఇసుక పోస్తారు. ఆవాలైతే పురుగు పడతాయి, ఇసుకైతే చల్లగా ఉంటుందని మామ్మ వాదన.

"పాపని ఎత్తుకో అక్కా. అవతల గదిలోకి పద."

"ఏటైందో సెప్పు ముందు."

"పదవే."

"నువ్వూ ఆ దిండు మీదే పెరిగావు. ఏటైపోనావ్?" అంది మామ్మ.

మీటరు పట్టుకుని అక్క వెనకే నడిచాను.

అవతల గదిలో పాప తల దగ్గర మీటరు పెట్టడానికి చెయ్యి రాలేదు. "పెట్టవే," అంది అక్క. పెట్టాను. ఒక టిక్కు. చాలాసేపటికి ఇంకొకటి. "అమ్మయ్య," అంటూ అక్క పాప తల నిమిరింది.

అప్పుడే పాప పిడికిలి విప్పింది. వేళ్ల మధ్య నల్లటి రేణువులు. గుమ్మంలోంచి ఉయ్యాలలోకి తొంగి చూస్తే, దిండు మూల కుట్టు ఊడిపోయి ఉంది. ఆ పిడికిలి ఎప్పుడూ పాప నోట్లోనే ఉంటుంది.

"కడుపులోకెల్తే?" అంది అక్క.

"ఈ మీటరుకి తెలీదక్కా. డాక్టర్నే అడగాలి."

అక్క పాపను చంకనేసుకుని ఆటో కోసం పరుగెత్తింది. మామ్మ ఉయ్యాలలోని దిండు వైపే చూస్తూ నిలబడింది.

"ఈదిలో దిండ్లన్నీ నానే కుట్టానే," అంది. "సూర్యకళ మనవడికి మొన్ననే ఇచ్చాను. ఆ పెట్టి అట్టుకు రా."

చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి దిగింది. వెనకే పరుగెత్తాను. గుమ్మంలో కూర్చున్న సూర్యకళ మమ్మల్ని చూసి నోటి మీద వేలేసుకుంది.

"మెల్లగా రండి. బాబు ఇప్పుడే పడుకున్నాడు."