కోళ్లు విన్న క్యాసెట్

"వస్తున్న, వస్తున్న" అని బయటి నుంచే కేకేసి, తలుపు తట్టి, అప్పుడు షెడ్డులో అడుగుపెట్టింది లీలమ్మ. బక్కపలచని మనిషి. తలకు తువ్వాలు, చేతుల నిండా కోళ్లు పొడిచిన గాట్లు. చెప్పకుండా పోతే కోళ్లు బెదురుతాయి. బెదిరితే ఓ మూలకు ఎగబడి, ఒకదాని కింద ఒకటి నలిగి చస్తాయి. అందుకే పాల్మాకుల దగ్గరి ఈ ఫారంలో పొద్దంతా రేడియో మోగుతుంది. చప్పుడుకు అలవాటుపడ్డ కోడి దేనికీ జడవదు.

ఇవాళ ఆ రేడియో గురగురమని ఆగిపోయింది, కోళ్లు అప్పుడే తలలెత్తి చూస్తున్నాయి. అదే పెట్టెలో క్యాసెట్ వాయించే టేపు మాత్రం పనిచేస్తోంది. ఆమె సంచిలో ఉన్నది ఒకటే క్యాసెట్, కూతురు వినీల పొద్దున పెట్టింది.

వినీల చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. స్నేహితులతో కలిసి ఏవేవో చప్పుళ్లు టేపులో పట్టి, పాటలల్లి ఆ క్యాసెట్ నింపింది. అది విని బెంగుళూరు స్టూడియో వాళ్లు పనికి రమ్మన్నారు. సాయంత్రమే బస్సు. లీలమ్మ ఇంకా ఊ అనలేదు. బస్సు బోల్తా పడితే? జ్వరమొస్తే? ఇవేం పాటలని మర్నాడే వెళ్లగొడితే?

"మొత్తం ఇను అమ్మా. ఇన్నంక వద్దంటే పోను" అంది వినీల, పొద్దున క్యాసెట్ ఇస్తూ.

యేసయ్యా అనుకుంటూ లీలమ్మ క్యాసెట్ పెట్టి మీట నొక్కింది. బోరు మోటరు హోరు, దానిమీద నీటిచుక్కల్లా కీబోర్డు. తర్వాత గూడ్సుబండి చక్రాలు, వాటికి జతగా గిటారు, నిద్రమత్తులో పాడినట్టు ఓ పిల్ల గొంతు. ఉన్నట్టుండి కీచుమని ఒక కూత! లీలమ్మ, కోళ్లు చస్తాయని గబుక్కున టేపు ఆపేసింది.

అదే తప్పయింది. చప్పుడు ఆగగానే రెక్కలన్నీ లేచాయి. షెడ్డంతా తెల్లగా ఓ మూలకు ఒరిగింది. గబగబా మళ్లీ మీట నొక్కింది.

ఈసారి తన గొంతే వచ్చింది. "పైలం బిడ్డా... పైలం... పైలం..." జాగ్రత్త అని రోజూ గడప దగ్గర కూతురికి చెప్పే మాట. ఎప్పుడు పట్టిందో దొంగపిల్ల! ఆ మాటే తిరిగి తిరిగి వస్తూ డప్పులా నడుస్తోంది. మోటరూ, గూడ్సుబండీ దాని వెంట ఊరేగుతున్నాయి. తెలిసిన గొంతు వినపడేసరికి కోళ్లు ఒక్కొక్కటే మేతకు మళ్లాయి. ఒక్కటీ చావలేదు.

సూపర్‌వైజరు బుచ్చయ్య పరుగెత్తుకొచ్చాడు. "గదేంది లీలమ్మా, మోటరు కాలిందా?"

"కాలలే అన్నా. మా పిల్ల పాట."

"గిది పాటనా! ఇంట్ల మొత్తుకునేది చాలక క్యాసెట్ల గూడ ఎక్కినవా?"

"జర ఇననియ్యి!"

రెండోవైపు కూడా విన్నది. మేత పోస్తూ తనకు తెలియకుండానే నడుము ఊపింది. బుచ్చయ్య పకపకా నవ్వితే చాట విసరబోయింది.

సాయంత్రం శంషాబాద్‌లో, బెంగుళూరు రోడ్డు పక్కన అరుగు మీద వినీల కూర్చుని ఉంది.

"ఇన్నవా?"

"ఇన్న. కోళ్లు గూడ ఇన్నయి. పో బిడ్డా."

వినీల తల్లిని వాటేసుకుంది. అంతలోనే లీలమ్మకు మళ్లీ భయాలు మొదలయ్యాయి. "ఎవ్వరేమిచ్చినా తినకు. ఆడ సలి ఎక్కువంట" అంటూ సంచిలోంచి ఎర్ర ఉన్ని టోపీ తీసి, కూతురి చెవుల దాకా లాగింది.

"ఎండాకాలమమ్మా!"

బస్సొచ్చింది. వినీల ఎక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. "చెయ్యి లోపల పెట్టు!" అని అరుస్తూ, నవ్వుతూ, లీలమ్మ కొంతదూరం వెంట నడిచింది.

వెనక్కి వచ్చి చూస్తే, అరుగు మీద ఎర్రటోపీ, లోపల ఇంకా తల ఉన్నట్టే గుండ్రంగా కూర్చుని ఉంది.