ఆ ఉదయం ఆమెకు గుర్తుంది

మా ఆడపడుచు బట్టలు కుడుతుంది. పోయిన ఏడాది జ్వరం మెదడుకెక్కి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. లేచాక ఆమెకు మరుపు పోయింది. ఊహ తెలిసిన నాటి నుంచి చూసినవీ విన్నవీ, ఏ తేదీ అడిగితే ఆ తేదీవి, పొల్లుపోకుండా చెబుతుంది. డాక్టర్లు పరీక్షల మీద పరీక్షలు చేసి, తలలూపి ఊరుకున్నారు.

కొలతల పుస్తకం మూలన పడేసింది.

“ఆరేళ్ళ కింద నాకో కోటు కుట్టావు, గుర్తుందా?” అని పక్కింటి నర్సు పరీక్ష పెట్టింది.

“ఆకుపచ్చది. నడుము ముప్పై. ఇప్పటి కొలత మాత్రం నా నోటితో చెప్పించకండి.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పెదవులతో.

నా భర్త పోయి మూడేళ్ళు. ఆయన గొంతు ఎలా ఉండేదో ఎంత ప్రయత్నించినా నాకు అందడం లేదు. ఆమె మాత్రం మిషను తొక్కుతూ తనలో తాను నవ్వుకునేది.

“ఏమిటే?”

“ఈ తేదీనే వదినా, అన్నయ్య తడిసి వచ్చాడు. ‘గొడుగు నేను మరిచిపోలేదు, బస్సే పట్టుకుపోయింది’ అన్నాడు నీతో.”

నాతోనే అన్నారు. నాకు గుర్తు లేదు.

పంతొమ్మిదేళ్ళు కాపురం చేసింది నేను. ఆయన మిగిలింది ఆమె దగ్గర. ఒకనాడు అక్కసు పట్టలేక ఆమె కత్తెర దాచాను.

“పిండి డబ్బా వెనక పెట్టావు కదూ? చప్పుడు విన్నాలే,” అంది, కోపం లేకుండా.

నాకు కావలసింది ఒక్కటే. చివరి ఉదయం నేను బల్ల దగ్గర మా బడి పిల్లల జవాబు పత్రాలు దిద్దుతున్నాను. ఆయన గుమ్మం దగ్గర ఏదో అన్నారు. వినకుండానే ఊఁ కొట్టాను. ఆఫీసుకు వెళ్ళే దారిలో కూలిపోయారు. ఆయన ఆ మాట అన్నప్పుడు ఆమె అదే గదిలో కూర్చుని అంచు కుడుతోంది. ఆమె ఆసుపత్రి నుంచి వచ్చాక, అడగడానికి నాకు ఏడు నెలలు పట్టింది. అడిగితే, ఆయన మాట నేను వినలేదని ఒప్పుకున్నట్టే.

ఆదివారం మధ్యాహ్నం అడిగాను.

మిషను ఆగింది. ఏ తేదీకీ ఆమె అంతసేపు తీసుకోలేదు.

“‘సాయంత్రం పెందలాడే వస్తాను’ అన్నాడు. నువ్వు తలెత్తి నవ్వావు వదినా. ‘ఈలోపు నా పేపర్లూ అయిపోతాయి’ అన్నావు. అన్నయ్య కూడా నవ్వి వెళ్ళాడు.”

నేను తలెత్తలేదు. నా చేతిలో ఉన్నది ఏడో పత్రం. తలుపు మూసుకున్నాక, మార్కులు కూడడం పూర్తయ్యాక, అప్పుడు తలెత్తాను. ఆ ఉదయంలో నాకు మిగిలింది అంతే, కానీ అది ఖాయం.

మరుపే లేని మనిషి తప్పు చెప్పింది. నా వైపు చూడకుండా సూదిలో దారం ఎక్కిస్తోంది.

ఆయన నిజంగా అన్న మాట ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది. ఇప్పటికీ నాకు అసూయే. తప్పు కనబడితే దిద్దకుండా వదలడం నా చేతికి అలవాటు లేదు.

దీన్ని దిద్దలేదు. “ఇంకోసారి చెప్పు,” అన్నాను.

చెప్పింది, ఒక్క మాట మారకుండా.